కోడ్ తెలియని క్లయింట్ చేత సర్వర్‌లో స్క్రిప్ట్ పెట్టించడం: సమగ్ర మార్గదర్శి

“మీరు పంపినవన్నీ ఎక్కించానండీ. తెరిస్తే తెల్లగా ఉంది, ఏమీ రావట్లేదు.”

కాంటాక్ట్ ఫామో, బుకింగ్ పేజీయో, చిన్న మెంబర్‌షిప్ సిస్టమో రాసి ఇచ్చేవాళ్లకి ఈ ఫోన్ కొత్త కాదు. కారణం పాస్‌వర్డ్‌లో ఒక అక్షరం పోవడం కావచ్చు. సర్వర్‌లో పీహెచ్‌పీ (స్క్రిప్టులు రాసే భాష) పాత వెర్షన్ ఉండొచ్చు. కోట్ గుర్తు ఒకటి వంకర తిరిగి ఉండొచ్చు. అవతలి మనిషి చెప్పగలిగింది మాత్రం ఒక్కటే: రావట్లేదు.

ఇలాంటి ఫోన్లు చాలా ఎత్తాక నాకు అర్థమైంది ఇది: క్లయింట్‌కి సర్వర్ పాఠాలు చెప్పడం మన పని కాదు, తను తప్పు చేయడానికి వీలున్న చోట్లను తగ్గించడం మన పని. కింద చెప్పేదంతా ఆ లెక్క మీదే నడుస్తుంది. ఉదాహరణలు ఎక్కువగా పీహెచ్‌పీవి, షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునే చోట) మనకు ఎదురయ్యేది ఎక్కువగా అదే కాబట్టి. పెర్ల్ అనే ఇంకో భాషలో రాసిన స్క్రిప్టులకు తేడా ఉన్న చోట విడిగా చెబుతాను.

ముందు ఒక ప్రశ్న: ఈ పని క్లయింటే చేయాలా?

చాలాసార్లు అక్కర్లేదు. లాగిన్ ఇస్తానంటే మొహమాటపడకుండా తీసుకుని మీరే పూర్తి చేయండి. ఫోన్‌లో రెండు గంటలు దారి చెప్పడం కన్నా ఇద్దరికీ అదే సుఖం. అయితే హోస్టింగ్ అసలు పాస్‌వర్డ్ మాత్రం అడగొద్దు. కంట్రోల్ ప్యానెల్‌లో ఒక్క ఫోల్డర్‌కే పరిమితమైన ఎఫ్‌టీపీ (సర్వర్‌కి ఫైళ్లు ఎక్కించే పద్ధతి) అకౌంట్ విడిగా తయారు చేయమనండి, పని అయ్యాక దాన్ని తీసేయమనండి. హోస్టింగ్‌లో ఎస్‌ఎఫ్‌టీపీ ఉంటే అదే వాడండి. 21వ పోర్ట్ మీద నడిచే మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా వెళ్తుంది. ఎస్‌ఎఫ్‌టీపీ సాధారణంగా 22వ పోర్ట్ మీద, ఎన్‌క్రిప్ట్ అయి నడుస్తుంది.

కొందరు లాగిన్ ఇవ్వలేరు, వాళ్ల ఆఫీసు ఒప్పుకోదు. ఇంకొందరికి తమ సైట్ తామే చూసుకోవాలని ఉంటుంది. మిగతా మెట్లన్నీ వాళ్ల కోసం.

1. ఫైళ్లు పంపే ముందు సర్వర్‌ని పలకరించండి

“మీ పీహెచ్‌పీ వెర్షన్ ఎంతండీ?” అని అడిగితే వచ్చేది మౌనం, లేదంటే తమ కంప్యూటర్‌లోని విండోస్ వెర్షన్. ఆ ప్రశ్న మనిషిని కాదు, సర్వర్‌ని అడగాలి. చిన్న టెస్ట్ ఫైల్ ఒకటి రాసి పెట్టుకోండి. క్లయింట్ దాన్ని అప్‌లోడ్ చేసి బ్రౌజర్‌లో తెరిస్తే వెర్షన్ సరిపోయిందా, కావాల్సిన ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయా, ఫోల్డర్‌లో రాయడానికి వీలుందా అన్నది పచ్చ, ఎరుపు గుర్తులతో కనిపించాలి. స్క్రీన్‌షాట్ తీసి పంపమనండి, అంతే.

ఆ టెస్ట్ ఫైల్‌ని మాత్రం పాతకాలపు సింటాక్స్‌తోనే రాయండి. కొత్త సింటాక్స్ వాడితే పాత సర్వర్‌లో ఆ ఫైలే పార్స్ ఎర్రర్‌తో పడిపోతుంది. రోగం కనిపెట్టడానికి వెళ్లిన డాక్టర్ మంచాన పడ్డట్టు. పీహెచ్‌పీఇన్ఫో పేజీ పెట్టించే అలవాటు కూడా చాలామందికి ఉంది. అది సర్వర్ గుట్టంతా బయట పెడుతుంది, పైగా పని అయ్యాక తీసేయడం ఎవరికీ గుర్తుండదు.

వెర్షన్ దగ్గర కాస్త ఆగాలి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో మాట్లాడే పాత ఫంక్షన్లను 2015 డిసెంబర్‌లో వచ్చిన పీహెచ్‌పీ 7.0లోనే తీసేశారు. 2020 నవంబర్‌లో వచ్చిన 8.0 అయితే అప్పటిదాకా గొణిగి ఊరుకున్న తప్పులు కొన్నింటికి నేరుగా ఆగిపోవడం మొదలుపెట్టింది. అర్రే కీకి కోట్ గుర్తులు పెట్టకపోవడం అలాంటిదే. 7.4కి సపోర్ట్ 2022 నవంబర్‌లో ముగిసింది. కాబట్టి వెర్షన్ పెంచమని చెప్పాల్సిన సందర్భాలు వస్తాయి. చెప్పే ముందు ఒక మాట అడగండి: “ఇదే హోస్టింగ్‌లో మీకు ఇంకే సైటైనా నడుస్తోందా?” మీ స్క్రిప్ట్ కోసం అకౌంట్ మొత్తానికీ వెర్షన్ మార్చి, ఏళ్లుగా నడుస్తున్న వేరే సైట్ పడిపోతే ఆ నింద మీదే. సీప్యానెల్ అనే కంట్రోల్ ప్యానెల్‌లో మల్టీపీహెచ్‌పీ మేనేజర్ ఉంటే ఒక్కో డొమైన్‌కి విడిగా మార్చుకోవచ్చు.

2. మార్చాల్సినవన్నీ ఒకే ఫైల్‌లో ఉంచండి

ఎక్కువ గొడవలు పుట్టేది ఇక్కడే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఉంటాను.

క్లయింట్ ముట్టుకోవాల్సిన విలువలు ఎన్ని? డేటాబేస్ పేరు, యూజర్, పాస్‌వర్డ్, హోస్ట్, మెయిల్ రావాల్సిన అడ్రస్. ఐదు. అంతకు మించితే మీ స్క్రిప్ట్ డిజైన్‌నే మళ్లీ చూసుకోండి. సైట్ అడ్రస్, ఫోల్డర్ దారి లాంటివి స్క్రిప్ట్ తనే కనుక్కోగలదు, వాటిని మనిషి చేత టైప్ చేయించకండి. ఈ ఐదూ కాన్ఫిగ్ ఫైల్ పైభాగాన ఉండాలి, ఒక్కోదాని పక్కనా క్లయింట్ చదివే భాషలో ఒక వాక్యం ఉండాలి. “ఈ గీత కింద ఏదీ మార్చొద్దు” అని ఒక గీత గీయండి. నవ్వులాటగా ఉంటుంది గానీ పనిచేస్తుంది.

ఇక కాన్ఫిగ్ ఫైల్‌కి వచ్చే జబ్బులు. క్లయింట్ దాన్ని వర్డ్‌లో తెరిచి సేవ్ చేస్తాడు, లేదా మీరు ఈమెయిల్లో పంపిన లైన్ కాపీ చేసి అతికిస్తాడు. నిటారుగా ఉండాల్సిన కోట్ గుర్తులు వంకర కోట్లుగా మారిపోతాయి. కంటికి తేడా తెలియదు, పీహెచ్‌పీకి తెలుస్తుంది. అలాంటి ఒక్క గుర్తు కోసం నేను ఓ సాయంత్రమంతా ఫోన్‌లో ఉన్నాను, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు. అప్పటి నుంచి కోడ్ లైన్లు మెయిల్లోనో చాట్‌లోనో పంపడం మానేశాను. ఫైల్‌ని ఫైల్‌గానే జిప్‌లో పంపుతాను.

పాస్‌వర్డ్‌లో డాలర్ గుర్తు ఉంటే ఇంకో తమాషా. డబుల్ కోట్స్ మధ్య డాలర్ గుర్తు వెనక అక్షరాలు వస్తే పీహెచ్‌పీ దాన్ని వేరియబుల్ అనుకుని ఆ ముక్క మింగేస్తుంది. క్లయింట్ “పాస్‌వర్డ్ కరెక్టేనండీ, పదిసార్లు చూశాను” అంటాడు, అది నిజమే. శాంపిల్ ఫైల్‌లో ముందే సింగిల్ కోట్స్ పెట్టి ఇవ్వండి.

పాత నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేస్తే ఫైల్ మొదట్లో కంటికి కనిపించని మూడు బైట్లు చేరతాయి. దాన్నే బామ్ అంటారు. పీహెచ్‌పీ మొదలుకాకముందే ఆ మూడు బైట్లు బ్రౌజర్‌కి వెళ్లిపోవచ్చు, అప్పుడు “హెడర్స్ ఆల్రెడీ సెంట్” అన్న ఎర్రర్ వచ్చి లాగిన్లు నిలబడవు. 2019లో వచ్చిన విండోస్ 10 1903 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ మామూలుగా బామ్ లేకుండానే సేవ్ చేస్తోంది, కానీ పాత కంప్యూటర్లు ఇంకా ఉన్నాయి. ఫైల్ చివర ఖాళీ లైన్లు చేరినా ఇదే గోల. అందుకే పీహెచ్‌పీ ముగింపు ట్యాగ్ అసలు పెట్టకుండా వదిలేయండి. విండోస్ ఫైల్ పేర్ల చివరి భాగాన్ని దాచేస్తుంది కాబట్టి, కాన్ఫిగ్ ఫైల్ పేరు చివర మరో టీఎక్స్‌టీ తోక చేరిందేమో కూడా చూడమనండి.

ఇవన్నీ చదివి తల తిరుగుతోందా? అయితే అసలు ఫైలే తెరిపించకండి. చిన్న సెటప్ పేజీ రాయండి: ఐదు గడులు, ఒక బటన్. నొక్కగానే స్క్రిప్ట్ ముందు వెనకా ఉన్న స్పేస్‌లు తీసేసి, డేటాబేస్ కనెక్ట్ అవుతుందో లేదో చూసి, అయితేనే కాన్ఫిగ్ ఫైల్ తనే రాసుకోవాలి. దీనికి రెండు రోజుల పని పడుతుంది, కానీ తర్వాత వచ్చే ఫోన్లలో సగం రావు. కాన్ఫిగ్ ఫైల్ తయారయ్యాక ఆ పేజీ మళ్లీ తెరుచుకోకూడదు, ఇది మాత్రం మరవొద్దు. తెరుచుకుంటే దారిన పోయేవాడు మీ క్లయింట్ సైట్‌ని తన డేటాబేస్‌కి తగిలించుకుంటాడు.

3. బ్యాకప్

పాత సైట్ ఉంటే ఫైళ్లూ డేటాబేసూ రెండూ డౌన్‌లోడ్ చేయించాకే ముందుకు కదలండి. “మా హోస్టింగ్ వాళ్లు రోజూ తీస్తారండీ” అన్న మాట మీద ఆగొద్దు. కాపీ క్లయింట్ కంప్యూటర్‌లో కనిపించాలి.

4. డేటాబేస్: మూడు పనులు, మూడోది మరిచిపోతారు

డేటాబేస్ తయారు చేయడం ఒకటి. యూజర్‌ని తయారు చేయడం రెండు. ఆ యూజర్‌ని ఆ డేటాబేస్‌కి జత చేసి అనుమతులివ్వడం మూడు. మొదటి రెండూ అయ్యాక పని అయిపోయిందనుకుంటారు. సీప్యానెల్‌లో డేటాబేస్ విజార్డ్ ఈ మూడింటినీ వరుసగా చేయిస్తుంది, కాబట్టి విడివిడి పేజీల జోలికి పంపకుండా దాన్నే తెరవమనండి.

పేర్ల ముందు చేరే ముక్క ఇంకో చిక్కు. క్లయింట్ “షాప్” అని పేరు పెడితే, ప్యానెల్ దాని ముందు అకౌంట్ పేరూ ఒక అండర్‌స్కోరూ తగిలిస్తుంది. కాన్ఫిగ్‌లో రాయాల్సింది ఆ పూర్తి పేరు. యూజర్ పేరుకీ అంతే. టైప్ చేయొద్దు, ప్యానెల్‌లో కనిపించే పేరునే కాపీ చేయమనండి. హోస్ట్ చాలాచోట్ల లోకల్‌హోస్ట్ అవుతుంది, కొన్ని కంపెనీలు వేరే సర్వర్ పేరు ఇస్తాయి.

ఎర్రర్ వస్తే అందులోని నంబర్ చదవమనండి, వాక్యం అక్కర్లేదు. 1045 వస్తే యూజర్ పేరో పాస్‌వర్డో తప్పు. 1044 వస్తే యూజర్‌ని జత చేయలేదు, లేదా డేటాబేస్ పేరు తప్పు. 2002 వస్తే హోస్ట్ వైపు చూడండి.

టేబుళ్లకు యూటీఎఫ్8ఎంబీ4 అనే అక్షరాల ఎన్‌కోడింగ్ వాడండి. మైఎస్‌క్యూఎల్‌లో ఎన్నో ఏళ్లుగా యూటీఎఫ్8 అని పిలుస్తున్నది ఒక అక్షరానికి 3 బైట్ల దాకానే పట్టేది. తెలుగు అక్షరాలు అందులో ఇముడుతాయి, ఇమోజీలకు 4 బైట్లు కావాలి. కస్టమర్ ఒక నవ్వు బొమ్మ పెట్టినందుకు ఫామ్ సేవ్ కాకపోతే, దాని కారణం ఊహించడం ఎవరి తరమూ కాదు.

5. అప్‌లోడ్

ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయించే పని పెట్టుకోకండి. ప్యానెల్ ఫైల్ మేనేజర్‌లో జిప్ అప్‌లోడ్ చేసి అక్కడే ఎక్స్‌ట్రాక్ట్ చేయమనండి. అయితే జిప్ లోపల ఒక ఫోల్డర్, దాని లోపల ఫైళ్లు ఉంటే, సైట్ అడ్రస్‌లో అనవసరంగా ఒక ఫోల్డర్ పేరు చేరి 404 (పేజీ దొరకలేదన్న ఎర్రర్) వస్తుంది. ఫైళ్లు నేరుగా పైన ఉండేలా జిప్ మీరే కట్టండి. చాలా హోస్టింగ్‌లలో బయటికి కనిపించే ఫోల్డర్ పబ్లిక్_హెచ్‌టీఎంఎల్.

లినక్స్ సర్వర్‌కి ఇంగ్లిష్ పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు. మీ విండోస్ కంప్యూటర్లో కనిపించిన బొమ్మ అక్కడ కనిపించకపోతే ఇదే మొదటి అనుమానం. అన్ని ఫైళ్ల పేర్లూ చిన్నక్షరాల్లోనే పెట్టుకుంటే ఈ బాధే ఉండదు. హెచ్‌టీయాక్సెస్ (సర్వర్ సెట్టింగ్స్ రాసే ఫైల్) లాంటి చుక్కతో మొదలయ్యే ఫైళ్లు ఫైల్ మేనేజర్‌లో మామూలుగా కనిపించవు, సెట్టింగ్స్‌లో దాచిన ఫైళ్లు చూపించమని టిక్ పెట్టాలి.

6. పర్మిషన్లు

ఫైళ్లకు 644, ఫోల్డర్లకు 755. క్లయింట్‌కి ఇంతకు మించి చెప్పనక్కర్లేదు. మీకు గుర్తుండటానికి: మొదటి అంకె యజమానిది, రెండోది గ్రూప్‌ది, మూడోది మిగతా లోకానిది. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, ఇవి కలిపితే ఆ అంకె.

“777 పెట్టండి, పనిచేస్తుంది” అని సలహా ఇచ్చేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. ఇంటికి తాళం వేసి తాళంచెవి గుమ్మానికి తగిలించడం అది. పైగా మన అకౌంట్ పేరు మీదే పీహెచ్‌పీని నడిపే కొన్ని సర్వర్లలో 777 పెడితే స్క్రిప్ట్ నడవకపోగా 500 ఎర్రర్ (సర్వర్ లోపల ఏదో దెబ్బతిందని) వస్తుంది. అంటే రిస్క్ తెచ్చుకుని, పనీ చెడగొట్టుకున్నట్టు.

పెర్ల్ సీజీఐ స్క్రిప్ట్ (సర్వర్ ప్రోగ్రామ్‌లా నేరుగా నడిపేది) అయితే ఆ ఫైల్‌కే 755 ఉండాలి, మొదటి లైన్‌లో పెర్ల్ ఉన్న దారి సరిగ్గా ఉండాలి. విండోస్‌లో సేవ్ చేసిన ఫైల్‌లో ప్రతి లైన్ చివరా రెండు గుర్తులుంటాయి, లినక్స్‌కి ఒకటి చాలు. మిగిలిన ఆ కనిపించని గుర్తు మొదటి లైన్ చివర అంటుకుంటే, సర్వర్ లేని ప్రోగ్రామ్ కోసం వెతికి 500 ఇస్తుంది. లైన్ ఎండింగ్స్ యునిక్స్ తరహాలో సేవ్ చేసి జిప్‌లో పంపితే ఈ సమస్య రాదు.

7. సైజులు, సమయాలు

“ఫొటో పెడితే ఫామ్ ఖాళీగా వస్తోంది” అన్న ఫిర్యాదుకి కారణం తరచుగా ఇదే. పీహెచ్‌పీలో అప్‌లోడ్ ఫైల్ పరిమితి మామూలుగా 2 ఎంబీ, పోస్ట్ మొత్తానికి 8 ఎంబీ. పోస్ట్ పరిమితి దాటితే పీహెచ్‌పీ మీ స్క్రిప్ట్‌కి ఫైలూ ఇవ్వదు, ఫామ్‌లో నింపిన పేరూ ఫోన్ నంబరూ ఇవ్వదు. రెండూ పెంచాలి, పోస్ట్ పరిమితి ఎప్పుడూ అప్‌లోడ్ పరిమితి కన్నా ఎక్కువ ఉండాలి.

ఎక్కడ మార్చాలి? ప్యానెల్‌లో పీహెచ్‌పీ సెట్టింగ్స్ పేజీ ఉంటే అదే మంచిది. పాత గైడ్లు చూసి హెచ్‌టీయాక్సెస్‌లో పీహెచ్‌పీ విలువలు రాయించొద్దు. పీహెచ్‌పీ అపాచీ మాడ్యూల్‌గా కాకుండా ఎఫ్‌పీఎమ్‌గా (విడి ప్రాసెస్‌గా) నడిచే సర్వర్‌లో ఆ లైన్ ఒక్కటి చాలు, సైటంతా 500. అలాంటి చోట చుక్కతో మొదలయ్యే యూజర్ డాట్ ఐఎన్‌ఐ ఫైల్ వాడాలి. దాన్ని పీహెచ్‌పీ మామూలుగా 300 సెకన్లకోసారే మళ్లీ చదువుతుంది. మార్చిన వెంటనే ఫలితం కనిపించకపోతే క్లయింట్ ఇంకేదో మారుస్తాడు, ఆ తర్వాత ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. “మార్చాక ఐదు నిమిషాలు ఆగి చూడండి” అని సూచనలోనే రాయండి.

8. మెయిల్

స్క్రిప్ట్ “మెసేజ్ పంపబడింది” అంటుంది, ఇన్‌బాక్స్‌లో ఏమీ ఉండదు. పీహెచ్‌పీ మెయిల్ ఫంక్షన్ సరే అన్నదంటే ఉత్తరం పోస్ట్ డబ్బాలో పడిందని మాత్రమే అర్థం. చేరిందని కాదు.

ఎక్కువగా జరిగే తప్పు: ఫామ్ నింపినవాళ్ల ఈమెయిల్ అడ్రస్‌ని పంపినవారి స్థానంలో పెట్టడం. జీమెయిల్ అడ్రస్ పేరుతో మీ క్లయింట్ సర్వర్ మెయిల్ పంపితే, అందుకున్న సర్వర్ దాన్ని దొంగ ఉత్తరం కింద లెక్కగడుతుంది. పంపినవారి చోట ఆ సైట్ డొమైన్‌కి చెందిన అడ్రసే ఉండాలి, నింపినవాళ్ల అడ్రస్ రిప్లై-టులో ఉండాలి. దీని తర్వాత ప్యానెల్‌లో ఎస్‌పీఎఫ్, డీకేఐఎమ్ (మెయిల్ నిజంగా ఆ డొమైన్‌దేనని చూపే ఏర్పాట్లు) ఆన్ చేయించండి. అయినా స్పామ్‌లోకి వెళ్తుంటే 587 లేదా 465 పోర్ట్‌తో ఎస్‌ఎమ్‌టీపీ (మెయిల్ సర్వర్ ద్వారా పంపే పద్ధతి) లాగిన్ పెట్టి పంపండి.

ఫామ్‌లో నుంచి వచ్చిన పేరునీ సబ్జెక్టునీ అలాగే హెడర్లలో పెట్టకండి, కొత్త లైన్ గుర్తులు తీసేయండి. 1990ల్లో అందరూ వాడిన ఫామ్‌మెయిల్ అనే పెర్ల్ స్క్రిప్ట్ పాత వెర్షన్లను స్పామర్లు తమ తపాలా బండిగా మార్చుకున్నారు. ఫామ్ రాసే ప్రతివాడూ ఆ కథ తెలుసుకోవాలి.

9. క్రాన్

చెప్పిన సమయానికి స్క్రిప్ట్‌ని దానంతటదే నడిపించేది క్రాన్. రిమైండర్లు, రిపోర్టుల్లాంటివి ఉంటేనే ఇది కావాలి. నిమిషం, గంట, తేదీ, నెల, వారం అని ఐదు గడులు. నక్షత్రం గుర్తులు వివరించే ప్రయత్నం చేయకండి, ప్యానెల్‌లో ఉండే “పదిహేను నిమిషాలకోసారి” లాంటి రెడీమేడ్ ఎంపికనే నొక్కమనండి. కమాండ్ మీరు పూర్తి దారులతో రాసి ఇవ్వండి. క్రాన్ నడిపే పీహెచ్‌పీ, సైట్ నడిపే పీహెచ్‌పీ వేర్వేరు వెర్షన్లు కావచ్చు. సర్వర్ గడియారం క్లయింట్ గడియారంతో కలవకపోవడం కూడా మామూలే.

10. పనిచేయకపోతే ఏం అడగాలి

“ఏం చేశారు?” అని అడగొద్దు, అది నింద వేసినట్టు వినిపిస్తుంది, జవాబు “ఏమీ చేయలేదండీ” అనే వస్తుంది. “ఏం కనిపిస్తోంది?” అని అడగండి. పైన అడ్రస్ బార్‌తో సహా కిటికీ మొత్తం స్క్రీన్‌షాట్ కావాలని చెప్పండి. పాత పేజీ బ్రౌజర్‌లో నిల్వ ఉండిపోయిందేమో అన్న అనుమానం పోవడానికి ఇన్‌కాగ్నిటో విండోలో తెరవమనండి.

404 అయితే ఫైల్ ఉన్న చోటూ పేరూ చూడండి. 403 అయితే పర్మిషన్లు, లేదా ఇండెక్స్ ఫైల్ లేకపోవడం. 500 అయితే ముందు హెచ్‌టీయాక్సెస్ పేరు మార్చి చూడండి, తర్వాత పర్మిషన్లు. పేజీలో కోడే కనిపిస్తోందంటే ఆ ఫైల్‌ని సర్వర్ పీహెచ్‌పీకి అప్పగించడం లేదు. అందులో పాస్‌వర్డ్ గనక కనిపించి ఉంటే ముందు అది మార్పించండి, మిగతావి తర్వాత. తెల్ల పేజీ అయితే ఊహించకండి. ఎర్రర్లు తెరమీద చూపించడం ఆఫ్‌లో ఉందని అర్థం, అది ఆఫ్‌లోనే ఉండాలి. కారణం ఎర్రర్ లాగ్‌లో రాసి ఉంటుంది. ప్యానెల్‌లో ఆ పేజీ తెరిచి చివరి ఐదు లైన్లు కాపీ చేసి పంపమనండి.

ఒకసారికి ఒక్క మార్పే చెప్పండి, అది చూశాకే రెండోది. క్లయింట్ కంగారులో ఉంటే మీరూ కంగారుగా మూడు సలహాలు ఒకేసారి ఇస్తారు, అప్పుడు ఇద్దరి టెన్షనూ కలిసి సైట్‌ని ఇంకా లోపలికి తోస్తుంది. హోస్టింగ్ వాళ్ల సపోర్ట్‌కి రాయాల్సి వస్తే ఆ మెసేజ్ మీరే రాసి ఇవ్వండి: సమయం, అడ్రస్, లాగ్‌లో లైన్. “సైట్ పనిచేయట్లేదు” అని క్లయింట్ స్వయంగా రాస్తే వచ్చే జవాబు “మా వైపు అంతా బాగుంది” అనే.

11. అప్పగింత

అన్నీ నడిచాక ఒక పేజీ నోట్ ఇవ్వండి: ప్యానెల్‌లో ఏం మార్చాం, ఏ తేదీన, బ్యాకప్ ఎక్కడుంది, కాన్ఫిగ్ ఫైల్ ఎక్కడుంది. పాస్‌వర్డ్‌లు అందులో వద్దు. ఆ తర్వాత టెస్ట్ ఫైల్, అప్‌లోడ్ చేసిన జిప్, సెటప్ ఫోల్డర్, కాన్ఫిగ్ పేరు చివర “ఓల్డ్” అనో “బ్యాకప్” అనో చేర్చిన పాత కాపీలు తీసేయించండి. చివరి రకం మహా ప్రమాదం. అలాంటి తోక ఉన్న ఫైల్‌ని చాలా సర్వర్లు పీహెచ్‌పీగా నడపవు, మామూలు అక్షరాల్లా ఎవరికి పడితే వాళ్లకి చూపించేస్తాయి.

మీకోసం తెరిచిన ఎఫ్‌టీపీ అకౌంట్ ఉంటే అదీ తీసేయమనండి. తీసేశామని ఫోన్ వచ్చాక పాత పాస్‌వర్డ్‌తో మీరే ఒకసారి లాగిన్ అయి చూడండి. కుదిరిందంటే వాళ్లు వేరే అకౌంట్ తీసేశారు, వెంటనే ఫోన్ చేయండి.